నాన్న ‘సరే’ అన్నారంటే, అది ఏ ‘సరే’?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. మొత్తం ఇక్కడ పట్టదు కాబట్టి సంగతి కుదించి చెబుతాను.

ఆమెకు 41 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం, ఎంవీపీ కాలనీలో ఇల్లు. నాన్నగారు ముప్పై నాలుగేళ్లు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 73. అమ్మగారిది శ్రీకాకుళం వైపు పల్లె. పది నెలల కిందట ఒక తెల్లవారుజామున నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీతో కాలు బాగా కోలుకుంది, చెయ్యి కొంచెం. మాట మాత్రం పోలేదు. “అదృష్టవంతులు, మాట నిలబడింది” అని ఆస్పత్రిలో చెప్పి పంపేశారు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు చిక్కు. మాటలన్నీ స్పష్టంగా ఉన్నాయి. కానీ గొంతులో ఎత్తు లేదు, పల్లం లేదు. “పులుసు బాగుంది” అన్నా, “తలుపెయ్యి” అన్నా ఒకే గొంతు. విజయనగరంలో ఆయన అక్కగారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు “అక్క పోయిందట, మంచినీళ్లు ఇవ్వు” అన్నారు. రెండు మాటల మధ్య తేడా లేదు. ఆ రోజు నుంచి అమ్మగారు ఆయనతో సరిగ్గా మాట్లాడటం లేదు. “ఆ మనిషి ఎల్లిపోనాడమ్మా. ఈయనెవరో ఆ చొక్కా తొడుక్కుని కూకున్నాడు” అంటున్నారట.

ఇంకో సంఘటన. ఆయన పాలగిన్నె దించబోయి ఒలకబోశారు. అమ్మగారు తన అలవాటు ప్రకారం, “ఆహా, భలే పని చేసినారు, ఆ రెండో గిన్నె కూడా ఒంపీండి” అన్నారు. ఆయన తలెత్తి “ఏ గిన్నె?” అని అడిగారు. వెక్కిరిస్తున్నారనుకుని ఆవిడ వంటింట్లోంచి ఏడ్చుకుంటూ బయటికి వచ్చేశారు.

మనవడు పదో తరగతి. తాతయ్య దగ్గర ఛందస్సు నేర్చుకుంటున్నాడు. గురులఘువులు, గణాలు, యతి ఏ ఒక్కటీ ఆయన మరిచిపోలేదు. వాడు ఊళ్లో బస్టాపుల పేర్లతో ఆటవెలది పాదం కట్టబోయి, “గాజువాక నుండి జగదాంబ రుషికొండ” అని తెచ్చాడు. “గణాలు కుదిరాయి, యతి పడలేదు” అన్నారాయన. మెచ్చుకున్నట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. “తాతయ్య ఫోన్లో దారి చెప్పే ఆవిడలా మాట్లాడుతున్నారు” అని వాడు పుస్తకం మూసేసి లేచిపోయాడు. మర్నాడు పేపరు అంచు మీద తాతగారి అక్షరాలు కనిపించాయి: “చల్లగాలి వీచు జగదాంబ రుషికొండ.” వాడు చదివి, “జగదాంబ సెంటర్లో చల్లగాలి ఎక్కడిది తాతయ్యా, బస్సు పొగ తప్ప!” అన్నాడు. ఆయన “యతి కోసం” అన్నారు. వాడు పడీపడీ నవ్వాడు. “నాన్న నవ్వలేదు. జోక్ వేశారో, నిజంగానే జవాబు చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు” అని రాశారు ఈ అమ్మాయి.

ఇప్పుడు కాలనీలో ఉగాది కవిసమ్మేళనం వస్తోంది. ఏటా ఆయన పద్యం రాగం తీస్తూ చదివేవారు. ఈసారి కూడా పేరు ఇచ్చి వచ్చారు. “నలుగురిలో నవ్వులపాలవుతారు, ఆపు” అంటున్నారు అమ్మగారు. ఈమె వెళ్లి “ఈసారికి వద్దు నాన్నా” అంటే ఆయన “సరే” అన్నారు. అది ఒప్పుకున్న సరేనో, బాధపడ్డ సరేనో ఈమెకు అంతుపట్టలేదు. “నా మీద కోపమా” అని అడిగితే “లేదు” అన్నారు, అదే గొంతుతో. “నాన్నకు మా మీద ప్రేమ పోయిందా? ఉగాదికి పంపాలా, ఆపాలా? అమ్మకు ఎలా చెప్పాలి?” అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

నేను డాక్టర్ని కాను. కాలేజీలో తెలుగు చెప్పి, తర్వాత ఈ ఉత్తరాల పనిలో పడినవాణ్ణి. అయినా మీ ఉత్తరం రెండో పేజీలో ‘ఎడమ చెయ్యి, ఎడమ కాలు’ అన్న చోటే ఆగిపోయాను. ఎడమ వైపు పడిందంటే దెబ్బ మెదడు కుడి భాగానికి తగిలిందన్నమాట. చాలామందిలో మాటలు, వ్యాకరణం ఎడమ భాగం చూసుకుంటుంది. అందుకే మీ నాన్నగారి మాట నిలిచింది, ఆస్పత్రి వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ మాటను ఏ గొంతుతో అనాలి, కోపమైతే ఎలా లేవాలి, జాలి అయితే ఎలా దిగాలి అన్న పనిలో కుడి భాగానిది పెద్ద చెయ్యి. ఆ పని దెబ్బతింటే డాక్టర్లు దాన్ని ‘అప్రోసోడియా’ అంటారు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే అని ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. కానీ మీరు రాసిన ప్రతి సంఘటనా అటే చూపిస్తోంది.

మీకో పాత కేసు చెప్పాలి. 1979లో ఎలియట్ రాస్, మార్సెల్ మెసులమ్ అనే ఇద్దరు అమెరికా న్యూరాలజిస్టులు ఒక స్కూలు టీచరమ్మ గురించి రాశారు. ఆమెకు కూడా కుడి భాగంలోనే స్ట్రోక్. తిరిగి బడికి వెళ్లింది, పాఠం చెప్పగలుగుతోంది, కానీ క్లాసును అదుపులో పెట్టలేకపోయింది. గొంతులో కోపం పలకదు కాబట్టి పిల్లలు లెక్కచేయలేదు. ఇంట్లో కన్నపిల్లలూ అంతే, అమ్మకు నిజంగా కోపం వచ్చిందో లేదో వాళ్లకు తెలిసేది కాదు. కోపం ఆమెకు లోపల వస్తూనే ఉంది, బయటికే రావడం లేదు. చివరికి ఆమె ఒక ఉపాయం పట్టింది. చెప్పాల్సిన మాట చెప్పి, పక్కనే ఇంకో వాక్యం తగిలించేది: నాకు కోపం వచ్చింది, ఉత్తినే అనడం లేదు, అని. గొంతు చేయాల్సిన పనిని ఒక వాక్యానికి అప్పజెప్పింది. మీ మొదటి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఈ టీచరమ్మే.

మీ నాన్నగారు తెలుగు మాస్టారు కాబట్టి ఆయన భాషలోనే చెబుతాను. ఛందస్సు లెక్కపెట్టేది కాలాన్ని. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. జగదాంబ అంటే రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. రుషికొండ కూడా సరిగ్గా అంతే. రెండూ ‘సల’ గణాలు, అంటే ఇంద్రగణాలు. గొంతు పెంచి అన్నా, దించి అన్నా, ఏడుస్తూ అన్నా గణం మారదు. ఇంగ్లీషు పద్యంలో ఏ అక్షరం మీద ఊనిక పడుతుందన్నది లెక్క, వేదం చదవడంలో ఉదాత్తం, అనుదాత్తం అని స్వరం ఎక్కడ లేస్తుందన్నది లెక్క. తెలుగు పద్యానికి అవేవీ అక్కర్లేదు. యతి సంగతి చూడండి. సంస్కృతంలో యతి అంటే అక్కడ ఆగాలి, అది నోటికి సంబంధించిన విషయం. మనవాళ్లు దాన్ని పాదం మొదటి అక్షరానికీ, యతి స్థానంలో ఉన్న అక్షరానికీ మధ్య పొత్తుగా మార్చేశారు. ‘చల్లగాలి’లో చకారం, ‘జగదాంబ’లో జకారం ఒకే వర్గం కాబట్టి చెల్లుతుంది. ‘గాజువాక’లో గకారానికి ఆ చుట్టరికం లేదు. అక్షరం కుదిరితే చాలు, అక్కడ ఆగినా ఆగకపోయినా యతి పడినట్టే. మీ నాన్నగారి దగ్గర చెక్కుచెదరకుండా మిగిలింది ఇదంతా. కాగితం మీద కూడా బతికే భాగం ఇది.

పోయింది ఇంకొకటి. దానికి మన అలంకార శాస్త్రంలో మంచి పేరుంది: కాకువు. శోకం, భయం లాంటివి కలిగినప్పుడు ధ్వనిలో వచ్చే మార్పని అమరకోశంలోనే ఉంది. “నువ్వు పెద్ద గొప్పోడివి” అన్న మాటను తిట్టుగా మార్చేది కాకువే. దాన్ని అక్షరాల్లో రాయడం కుదరదు. పద్యనాటకాల్లో హార్మోనియం వెంట తీసే రాగం కూడా ఛందస్సులోంచి వచ్చింది కాదు, చదివే మనిషి తన గొంతులోంచి పెట్టేది. ‘కాకువు’ అన్న మాట మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. ఆయన దగ్గరికి వెళ్లి, “నాన్నా, మీకు కాకువు దెబ్బతిన్నదేమోనని అనుమానం” అని చెప్పి చూడండి. తనకేమైందో తనకు తెలియక, ఇంట్లో అందరూ ఎందుకు ముఖం తిప్పుకుంటున్నారో అర్థంకాక ఆయన కూడా పది నెలలుగా నలుగుతూ ఉండొచ్చు. తెలిసిన మాటలో పేరు వింటే ఆ బరువు కొంత దిగుతుంది.

ఇక పాలగిన్నె. అది గొంతు పలకకపోవడం కాదు, ఎదుటివాళ్ల గొంతు అందకపోవడం. కొందరికి ఒకటే పోతుంది, కొందరికి రెండూ పోతాయి. మీ అమ్మగారు “ఒంపీండి” అన్నప్పుడు మాటలో ఉన్నది ఒకటి, గొంతులో ఉన్నది దానికి సరిగ్గా ఎదురు. గొంతు చేరలేదు, మాటలే చేరాయి. అందుకే ఏ గిన్నె అని అడిగారు. ఆయన వెక్కిరించలేదు. ఆవిడ చెప్పిన పని చేయబోయారు, అంతే. ఇది మీ అమ్మగారికి చెబితే నమ్ముతారా? ఒక్కసారికి నమ్మరు. దాని సంగతి తర్వాత.

చేయాల్సిన పనుల్లో వాయిదా వేయకూడనిది ఒకటుంది. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. డిప్రెషన్‌లో కూడా గొంతు ఇలాగే చదునుగా అవుతుంది, ముఖం కళ తప్పుతుంది. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, ఇష్టమైన పనులు వదిలేశారా అన్నవి గమనించండి. ఉగాదికి తానే వెళ్లి పేరు ఇచ్చి వచ్చారు, మనవడి పద్యం దిద్దడానికి పొద్దున్నే పేపరు అంచు వెతుక్కున్నారు. నాకైతే అవి మంచి గుర్తులుగానే కనిపిస్తున్నాయి. కానీ తేల్చాల్సింది నేను కాదు, న్యూరాలజిస్టు. ఈసారి వెళ్లినప్పుడు “మాట బాగానే ఉందండీ” అని ఊరుకోకుండా, ఇదిగో ఈ పాలగిన్నె, అక్కగారి ఫోను, రెండూ చెప్పండి. వాళ్లు “వాడు బజారుకెళ్లాడు” లాంటి ఏ రంగూ లేని వాక్యం ఇచ్చి, సంతోషంగా అనండి, కోపంగా అనండి, నేను అన్నట్టు అనండి, ఇప్పుడు నేను ఏ గొంతుతో అన్నానో చెప్పండి అని పరీక్షిస్తారు. అక్కణ్నుంచి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపొచ్చు. ఒక రకం థెరపీలో వాళ్లు అన్నట్టు అనిపిస్తూ క్రమంగా తోడు తగ్గిస్తారు. ఇంకో రకంలో కార్డు మీద ‘కోపం: గొంతు గట్టిగా, వేగంగా’ అని రాసి, ముఖం బొమ్మతో సహా చూపించి సాధన చేయిస్తారు. కొంతమందికి బాగా పనిచేస్తుంది, కొంతమందికి కొద్దిగా. పాత రాగం మొత్తం తిరిగొస్తుందని మాట ఇవ్వలేను. అలా ఎవరైనా గ్యారంటీ ఇస్తే డబ్బు కట్టే ముందు ఇంకో డాక్టర్ని అడగండి.

ఒక హెచ్చరిక. ఈ పరీక్ష ఇంట్లో మొదలుపెట్టకండి. రోజూ “నాన్నా, సంతోషంగా అనండి చూద్దాం” అంటే ఆయన మాట్లాడటమే మానేస్తారు. మాస్టారుగా బతికిన మనిషిని ఇంట్లో బెంచీ ఎక్కించినట్టవుతుంది.

ఇంట్లో చేయదగ్గది వేరే ఉంది, దానికి తెలుగే సాయం చేస్తుంది. మనం గొంతుతో చేసే పనులు కొన్ని ఈ భాష మాటల చివర కట్టి పెట్టుకుంది. వచ్చాడు అంటే కబురు. వచ్చాడే అంటే ఆశ్చర్యం, వచ్చాడుగా అంటే నేను చెప్పలేదా అని, వచ్చాడట అంటే నాకు తెలీదు, విన్నాను అని. వచ్చాడులే అంటే ఇక ఆ మాట వదిలెయ్యమని, వచ్చాడు పాపం అంటే జాలి. వీటిని ఏ గొంతుతో అన్నా అర్థం చాలావరకు దక్కుతుంది. యంత్రం చదివినా ‘పాపం’ పాపమే. అక్కగారు పోయిన రోజు ఆయన “అక్క పోయిందట పాపం” అని ఉంటే, ఆ ఒక్క మాట మీ ఇంట్లో ఎంత గొడవ తప్పించేదో! అనలేదని ఆయన్ని తప్పుపట్టడం లేదు. 72 ఏళ్లపాటు ఆ పని గొంతు చేసిపెట్టింది, నోటితో అనాల్సిన అవసరం పడలేదు. మంచినీళ్లు ఎందుకు అడిగారో కూడా ఒకసారి ఆలోచించండి. దుఃఖం వచ్చినప్పుడు గొంతు ఎండిపోని మనిషి ఎవరు?

మీ ‘సరే’కు కూడా ఇందులోనే దారి ఉంది. ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకోండి: ఉత్త ‘సరే’ చెల్లదు. ఒప్పుకుంటే “సరే మరి”. ఇష్టం లేకపోయినా సర్దుకుంటున్నానంటే “సరేలే”. అభ్యంతరం ఉంటే “సరే గానీ”. విసుగొస్తే “సరే సరే”. ఇవన్నీ ఆయన జీవితమంతా వాడినవే, కొత్తగా నేర్చుకునేది లేదు. మొదట్లో కృతకంగా ఉంటుంది. మీ అబ్బాయి నవ్వుతాడు, నవ్వనివ్వండి. మీరు అడిగే తీరు కూడా మారాలి. “కోపమా?” అంటే అవును, కాదు తప్ప ఇంకో దారి లేదు. “ఉగాదికి వద్దన్నందుకు బాధేసిందా, లేక మీకే వెళ్లాలని లేదా?” అని రెండు మాటలూ ఆయన ముందు పెడితే ఏదో ఒకటి ఎంచుకుని చెప్పగలరు. దీనివల్ల ఒక నష్టం ఉంది, దాచను. ఇంట్లో మాటలు కొంతకాలం కోర్టు వాంగ్మూలాల్లా ఉంటాయి. చెప్పకుండానే తెలిసిపోయే సుఖం పోతుంది. రాతలో అయితే ఆయనకు ఇంకా హాయిగా ఉండొచ్చు. పేపరు అంచు మీద ఆయన మనవడితో ఎంత చక్కగా మాట్లాడారో చూశారుగా.

ఆ “యతి కోసం” జోకా కాదా అని అడిగారు. చదవగానే నేనైతే నవ్వాను, జోకే అనుకున్నాను. తెలుగు మాస్టార్లందరూ ఒకప్పుడు వేసిన జోకు అది, యతి కోసం పద్యంలోకి చొరబడ్డ చల్లగాలులు మనకు కొత్త కాదు. అయితే కుడి భాగం దెబ్బతిన్నవాళ్లకు హాస్యం అందుకోవడం కష్టమవుతుందని డాక్టర్లు అంటారు, కాబట్టి నిజంగానే జవాబు చెప్పి ఉండొచ్చు కూడా. ఊహించడం మానేసి అడగండి. “నాన్నా, అది జోకేనా?”

ఇప్పుడు అమ్మగారు. మీ ఉత్తరంలో ఒక వాక్యం చివరి పేజీలో మూలన రాశారు. అమ్మగారు రాత్రుళ్లు ఫోను చెవికి ఆనించుకుని, రెండేళ్ల కిందటి వాట్సాప్ వాయిస్ మెసేజ్ వింటున్నారని. “ఏమోయ్, బస్సెక్కాను, అన్నం వండెయ్.” ఇంతే మెసేజ్. మీరు దాన్ని ఏడు పేజీల్లో ఒక వరుసగా దాటేశారు గానీ నాకు ఉత్తరం మొత్తం అక్కడే ఉన్నట్టు అనిపించింది. ఆవిడకు కావలసింది అన్నం సంగతి కాదు, ఆ ‘ఏమోయ్’లో చివరి సాగదీత. నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన ఎన్నిసార్లు “నువ్వంటే ఇష్టం” అని ఉంటారు? మన ఇళ్లలో ఆ తరం వాళ్లు ఎవరూ అనరు. ఆ పనంతా ‘ఏమోయ్’ చేసింది. అది పోతే ఆవిడకు ఇంకేం మిగిలింది? కాబట్టి “అది జబ్బమ్మా, అర్థం చేసుకో” అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. మనిషి పోలేదు నిజమే, కానీ ఆవిడకు పోయినది కూడా నిజమే.

అలా అని చెప్పకుండా ఊరుకుంటే ఆవిడ తన లెక్క తాను వేసుకుంటూ పోతారు. చెప్పడానికి రెండు దారులున్నాయి. డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లి, ఆ పరీక్ష కళ్లారా చూడనివ్వడం ఒకటి. ఆయన ప్రయత్నించి ప్రయత్నించి గొంతులోకి కోపం తెచ్చుకోలేకపోవడం చూస్తే, నేను వంద మాటల్లో చెప్పేది ఆవిడకు ఒక్క నిమిషంలో తెలుస్తుంది. చూసి తట్టుకోలేకపోవచ్చు కూడా, అది మీరు బేరీజు వేసుకోండి. రెండోది, ముందు మీరు ఒక్కరే కూర్చుని, నార్వే కథ చెప్పడం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో ఆ దేశంలో ఒకావిడకు బాంబు ముక్క తలకు తగిలింది. బతికి బయటపడింది, మాట తిరిగొచ్చింది, కానీ మాట వరస మారిపోయింది. విన్నవాళ్లకు జర్మన్ మనిషిలా వినిపించేది. అప్పుడు నార్వే జర్మన్ల ఆక్రమణలో ఉంది. సొంత ఊళ్లో, సొంత భాష మాట్లాడుతుంటే దుకాణాల వాళ్లు సరుకులు అమ్మలేదు. మన్రాడ్ క్రోన్ అనే న్యూరాలజిస్టు 1947లో ఈ కేసు గురించి రాశారు. ఆమెది మీ నాన్నగారి జబ్బు కాదు, దెబ్బ కూడా ఎడమ వైపు. కానీ ‘ఈయనెవరో వచ్చి కూకున్నాడు’ అన్న మీ అమ్మగారి మాటకు ఇంతకన్నా దగ్గరి చుట్టం నాకు తెలీదు. శ్రీకాకుళం నుంచి పెళ్లై వచ్చిన ఆవిడ యాస విని పట్నంలో ఎవరో ఒకరు ఎప్పుడో నవ్వే ఉంటారు. గొంతు వరస బట్టి మనిషిని పరాయి చేయడం ఎలా ఉంటుందో ఆవిడకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆవిడ ఎత్తిపొడుపుల విషయంలో మాత్రం ఒక పని చేయక తప్పదు. తిట్టాలనుకుంటే తిట్టునే మాటల్లో పెట్టాలి. “పాలు ఒలకబోశారు, నాకు ఒళ్లు మండిపోతోంది” అంటే ఆయనకు అందుతుంది. “భలే పని చేసినారు” అంటే అందదు. ఇది ఆవిడకు కష్టం. ఎత్తిపొడుపు ఆవిడకు ఆయుధమే కాదు, సరసం కూడా అది. కొన్నాళ్లు రెండింటికీ గొంతు మీద ఆధారపడటం తగ్గించుకోమనండి. ఆ మెసేజ్ వినడం మాన్పించకండి. ఇంకో ఫోన్లో కాపీ చేసి ఉంచండి, ఫోన్లు పాడవుతాయి.

ఉగాది గురించి. ఆపితే ఏమవుతుందో మీకే తెలుసు. ఆయన ‘సరే’ అన్నారు, మీరు ఏడు పేజీల ఉత్తరం రాయాల్సి వచ్చింది. పంపితే? రాగం లేకుండా పద్యం చదువుతారు. గణాలు తప్పవు, యతి తప్పదు, అక్షరం జారదు. తెలిసిన పెద్దలు అది గమనిస్తారు. తెలియని కుర్రాళ్లు ఇద్దరు ముసిముసిగా నవ్వొచ్చు. ఆ నవ్వులోని వెటకారం ఆయనకు అందకపోవచ్చు, మీ అమ్మగారికి మాత్రం అందుతుంది. దెబ్బ తగిలేది ఆవిడకే. అందుకేనేమో ఆవిడ ఆపమంటున్నారు. నిర్వాహకులతో ముందుగా ఒక మాట చెప్పి, మాస్టారు ఈసారి పద్యాన్ని పదవిభాగంతో, రాగం లేకుండా చదువుతారని వేదిక మీద అనిపిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. అది సాకులా కూడా ఉండదు, అలా చదివే పద్ధతి ఎటూ ఉంది.

మధ్యే మార్గం ఒకటి: ఆయన ఒక్కో పాదం మామూలుగా చదవడం, వెంటనే స్నేహితుల్లో రాగం తెలిసినాయన ఎవరైనా అందుకుని పాడటం. వినడానికి బాగుంటుంది. కానీ కొందరికి ఇది ఊతకర్రలా అనిపిస్తుంది, మీ నాన్నగారు ఆ రకమో కాదో నాకు తెలీదు. ఏదైనా గానీ ఆయన్ని అడక్కుండా ఖాయం చేయకండి. మూడు దారులూ కాగితం మీద రాసి, ఎర్ర పెన్నుతో సహా ఆయన ముందు పెట్టండి. మాస్టారు కదా, టిక్కు పెట్టడం ఆయనకు అలవాటే. మూడూ కొట్టేసి నాలుగోది రాసినా ఆశ్చర్యపోకండి.

ఆ ఆటవెలది అలా ఒక్క పాదంతో ఆగిపోకూడదు. రెండో పాదానికి ఐదు సూర్యగణాలు కావాలి. ‘మధురవాడ’లో రెండు ఉన్నాయి, మధుర ఒకటి, వాడ ఒకటి. మిగతా మూడూ మీ అబ్బాయిని బస్సులో వెళ్తూ వెతకమనండి. నాలుగో గణం దగ్గర యతి తాతయ్య చూసుకుంటారు.